ఓకే గో మీద పడిన తేలిక తీర్పు

ఓకే గో అనే అమెరికన్ ఆల్టర్నేటివ్ రాక్ బ్యాండ్ పేరెత్తితే చాలు, ఇరవై ఏళ్లుగా ఒకటే మాట వినిపిస్తోంది. "వాళ్లా? ట్రెడ్‌మిల్లుల మీద డాన్స్ చేసినవాళ్లు. వీడియోలు భలే ఉంటాయి గానీ పాటల్లో ఏముంది?" రాక్ సంగీతం మీద సమీక్షలు రాసేవాళ్లు ఇదే మాటను కాస్త మర్యాదగా రాస్తారు. ఫోన్‌లో వీడియో చూసి పదిమందికి పంపేవాళ్లు ఉన్నదున్నట్టు అనేస్తారు. రెండింటి సారం ఒకటే: ఆ నలుగురూ జిమ్మిక్కులతో బతుకుతున్నారు, వీడియో తీసేస్తే వాళ్ల దగ్గర ఏమీ మిగలదు. ఈ తీర్పు తప్పని నా వాదన. ఆ పాటలు ఎవరికైనా నచ్చకపోవచ్చు, అది వాళ్ల అభిరుచి. కానీ ఈ తీర్పు అభిరుచి దగ్గర ఆగడం లేదు. బ్యాండ్ ఏం చేసిందో, ఎలా చేసిందో, ఎందుకు అలా చేయాల్సి వచ్చిందో చూడకుండానే కొట్టిపారేస్తోంది.

ముందు కాలక్రమం చూద్దాం. గాయకుడు డేమియన్ కులాష్, బేస్ గిటార్ వాయించే టిమ్ నార్డ్‌విండ్ చిన్నప్పుడే మిషిగన్‌లోని ఇంటర్‌లాకెన్ కళాశిబిరంలో స్నేహితులయ్యారు. 1998లో షికాగోలో బ్యాండ్ మొదలైంది. డ్రమ్స్ మీద డాన్ కొనాప్కా కూర్చున్నాడు. 2002లో కేపిటల్ రికార్డ్స్ సంస్థ వాళ్ల మొదటి ఆల్బమ్ విడుదల చేసింది. రెండో ఆల్బమ్ 'ఓ నో' కోసం స్వీడన్‌లోని మాల్మో వెళ్లి టోరే యోహాన్సన్ దగ్గర రికార్డు చేశారు. ది కార్డిగన్స్ అనే బ్యాండ్ పాటలకు పదునైన ధ్వని ఇచ్చిన నిర్మాత ఆయనే. 2005లో ఆ ఆల్బమ్ వచ్చింది, ఆ ఏడాదే గిటారిస్టు ఆండీ రాస్ బ్యాండ్‌లో చేరాడు. ట్రెడ్‌మిల్లుల వీడియో 'హియర్ ఇట్ గోస్ అగైన్' వచ్చింది 2006 జూలై చివర్లో. అంటే అప్పటికి బ్యాండ్ పుట్టి ఎనిమిదేళ్లు. రెండు ఆల్బమ్‌లు వచ్చేశాయి, ఎన్నో ఊళ్లు తిరిగి కచేరీలు చేశారు. వీడియో కోసం పుట్టిన బ్యాండ్ అని వీళ్లను అనడానికి ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు.

ఇక పాటల సంగతి. ఒక బాణీలో సత్తా ఉందో లేదో తేల్చడానికి సంగీతంలో ఎప్పటినుంచో ఉన్న పరీక్ష ఒకటే. వాద్యాలు మార్చి చూడాలి. వాద్యాలు మారినా నిలబడే బాణీ గట్టిది. ఓకే గో పాటలు ఈ పరీక్షకు ఎన్నోసార్లు నిలిచాయి. 2010లో వచ్చిన మూడో ఆల్బమ్‌లోని 'దిస్ టూ షల్ పాస్' పాటకు రెండు వీడియోలున్నాయి. జనానికి తెలిసింది యంత్రంతో తీసిన రెండోది. మొదటి దానిలో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం మార్చింగ్ బ్యాండ్ ఆ పాటను మైదానంలో వాయిస్తుంది. స్టూడియోలో రికార్డు చేసిన పాటకు పెదాలు కదిపిన వీడియో కాదది, అక్కడికక్కడే రికార్డు చేసిన సంగీతం. గిటార్లతో ఆల్బమ్‌లో ఉన్న పాట బాకాలతో, ఢంకాలతో వినిపించినా అంతే నిండుగా ఉంది. 'వాట్ టు డూ' అనే పాటను వాళ్లు వేదిక మీద నలుగురూ చేతిగంటలు పట్టుకుని వాయిస్తారు. తలా కొన్ని స్వరాలు పంచుకుని, ఒక్కరు తప్పినా బాణీ తెగిపోయే పద్ధతిలో వాయిస్తారు. వాయించడం రానివాళ్లు ఇలాంటి పనికి పూనుకోరు.

2012లో వచ్చిన 'నీడింగ్/గెటింగ్' దీనికి మరో సాక్ష్యం. కారుకు లోహపు చేతులు బిగించి, లాస్ ఏంజిలెస్ అవతల ఎడారిలో దారికి రెండు పక్కలా వెయ్యికి పైగా వాద్యాలు, పనికిరాని వస్తువులు పేర్చి, కారు నడుపుతూ వాటిని తాకిస్తూ పాట వాయించారు. తయారీకి నాలుగు నెలలు, చిత్రీకరణకు నాలుగు రోజులు పట్టింది. కారు పియానోలో ఏ మెట్టును తాకినా సరైన స్వరమే పలకాలని, ప్రతి పియానోలో మంద్ర స్థాయి తీగలన్నిటినీ ఒకే స్వరానికి శ్రుతి చేశారు. కారు నడిపింది కులాషే, దానికోసం స్టంట్ డ్రైవింగ్ నేర్చుకున్నాడు. ఇందులో వీడియో ఎక్కడ ముగిసింది, సంగీతం ఎక్కడ మొదలైంది? కారు వేగమే అక్కడ తాళం. వేగం తప్పితే లయ తప్పుతుంది. ఈ పనిని సంగీతం కాదన్నవాళ్లు సంగీతం అంటే ఏమిటో ముందు చెప్పాలి.

ఇప్పుడు అసలు అభియోగానికి వస్తాను. జిమ్మిక్కు అంటే తక్కువ శ్రమతో ఎక్కువ అబ్బురం పుట్టించే ఎత్తు. చూసేవాడికి కనబడకుండా ఏదో దాచి ఉంచాలి, లేకపోతే అది పారదు. ఓకే గో పద్ధతి దీనికి సరిగ్గా ఎదురు. ట్రెడ్‌మిల్లుల వీడియో కోసం ఎనిమిది యంత్రాలు తెచ్చారు. నృత్యం కూర్చింది కులాష్ అక్క ట్రిష్ సీ. కెమెరా ఒకచోట నిలబెట్టి, కోత లేకుండా, మొదటి నుంచి చివరిదాకా ఒక్క షాట్‌లో తీశారు. పదిహేడో ప్రయత్నంలో సరిగ్గా వచ్చింది. అదే ఏడాది ఎమ్‌టీవీ అవార్డుల వేదిక మీద, ప్రత్యక్ష ప్రసారంలో మళ్లీ చేసి చూపించారు. దాచిపెట్టిన మోసం ఉంటే ప్రత్యక్ష ప్రసారంలో బయటపడేది. అక్కడ దాచిందేమీ లేదు, నలుగురు మనుషులు విసుగు లేకుండా చేసిన సాధన ఉంది. 2007లో వచ్చిన గ్రామీ ఆ సాధనకే.

'దిస్ టూ షల్ పాస్' రెండో వీడియోను లాస్ ఏంజిలెస్‌లోని ఎకో పార్క్ ప్రాంతంలో, రెండంతస్తుల గోదాములో తీశారు. సిన్ ల్యాబ్స్ అనే ఇంజినీర్ల బృందం ఒక గొలుసు యంత్రాన్ని అల్లింది. ఒక డొమినో బిళ్ల పడితే మరోటి కదిలి, బంతి దొర్లి, గొడుగు విచ్చి, చివరికి రంగు ఫిరంగులు నలుగురి మీదా పేలతాయి. రెండు రోజుల్లో అరవైకి పైగా ప్రయత్నాలు చేశారు. ఇందులో గమనించాల్సింది యంత్రం పాటకు పక్కవాద్యంగా నడవడం. ఒకచోట గాజు గ్లాసుల మీద చెంచాలు పడి బాణీలోని స్వరాలు పలుకుతాయి. అది ఒక్క క్షణం ముందైనా, వెనకైనా పాట చెడుతుంది. ఇంజినీరింగ్ లయకు కట్టుబడి నడిచిన చోటు అది.

వీళ్ల మంచి వీడియోల్లో బొమ్మకూ పాటకూ పొత్తు మరింత లోతుగా ఉంటుంది. విమర్శకులు ఎక్కువగా దాటేసేది ఇక్కడే. 2014లో వచ్చిన 'ద రైటింగ్స్ ఆన్ ద వాల్' విడిపోయే దశకు చేరిన ఇద్దరి గురించిన పాట. ఇద్దరూ ఒకే సంసారాన్ని చూస్తున్నారు, ఇద్దరికీ కనిపిస్తున్నది వేరు. వీడియో మొత్తం దృష్టిభ్రమలతో కట్టారు. గదిలో చెల్లాచెదురుగా ఉన్న రంగు మరకలు, సామాన్లు, కెమెరా ఒకానొక చోట నిలిచినప్పుడు మాత్రమే ఒక ఆకారంగా కుదురుతాయి. కెమెరా ఒక అడుగు పక్కకు జరిగితే ఆ ఆకారం చెదిరిపోతుంది. పాటలోని బాధనే కంటికి చూపించడమంటే ఇదే. ఆ ఏడాది ఎమ్‌టీవీ దీనికి ఉత్తమ విజువల్ ఎఫెక్ట్స్ అవార్డు ఇచ్చింది. కంప్యూటర్‌లో కల్పించిన భ్రమలతో పోటీపడి, రంగుడబ్బాలతో చేతులతో కట్టిన భ్రమ గెలిచింది.

2016లో వచ్చిన 'ద వన్ మోమెంట్' సంగతీ అంతే. క్షణం విలువ గురించిన పాట అది. వీడియోలో ఎక్కువ భాగం నిజానికి 4.2 సెకన్లలో జరిగిపోయింది. ఆ 4.2 సెకన్లలో 318 సంఘటనలు పేలేలా లెక్కవేసి, నీటి బెలూన్లు, గిటార్లు, రంగుల పొడి పగిలే తీరును నిదానం చేసి పాటంత పొడవు సాగదీశారు. పాట మనిషి ఆయుష్షు ఎంత పొట్టిదో చెబుతోంటే, కళ్లు మూసి తెరిచేలోగా ముగిసిపోయిన దాన్ని బొమ్మ మన ముందు పరిచి చూపిస్తుంది. 2010 నాటి 'ఎండ్ లవ్'లో కాలాన్ని ఇంకోలా వాడారు. పార్కులో పగలూ రాత్రీ కెమెరా ఆపకుండా తీసి, కొన్నిచోట్ల గంటలను సెకన్లకు కుదించారు, కొన్నిచోట్ల సెకనును సాగదీశారు. అక్కడి బాతు ఒకటి వాళ్ల వెంటే తిరుగుతూ వీడియో పొడవునా ఉండిపోయింది. దాన్ని తరిమేయకుండా పాటలోకి కలుపుకున్నారు.

'అప్‌సైడ్ డౌన్ అండ్ ఇన్‌సైడ్ అవుట్' రష్యాలో తీశారు. వ్యోమగాములకు శిక్షణ ఇచ్చే విమానం ఎగిసి వాలే ప్రతిసారీ లోపలివాళ్లకు అర నిమిషం లోపే, సుమారు 27 సెకన్లు, బరువు తెలియదు. ఆ తర్వాత కొన్ని నిమిషాలు మామూలుగా ఎగిరితే గానీ మళ్లీ ఆ స్థితి రాదు. అందుకని పాటను ఆ ముక్కలకు సరిపోయేలా విడగొట్టి, మధ్య నిమిషాల్లో ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోయి, ఆ భాగాలు తీసేసి అతికించారు. ఇరవై ఒక్కసార్లు విమానం ఎక్కారు, కడుపులో తిప్పుతున్నా పట్టు వదలలేదు. ఇంత చేసి వాళ్లు ఎలా చేశారో విడమరిచి చెప్పారు కూడా. గుట్టు దాచుకోవడం వాళ్ల పద్ధతిలోనే లేదు.

ఈ తీర్పులో ఒక పక్షపాతం కూడా ఉంది. 1986లో పీటర్ గేబ్రియల్ 'స్లెడ్జ్‌హామర్' వీడియోకు బంకమట్టి బొమ్మలు, పండ్లు, కూరగాయలు వాడి ఒక్కో ఫ్రేమూ కదిపి తీయించాడు. మరుసటి ఏడాది అది తొమ్మిది ఎమ్‌టీవీ అవార్డులు తెచ్చుకుంది. ఆయన్ను ఎవరూ జిమ్మిక్కుల మనిషి అనలేదు, కళాకారుడన్నారు. సబబే. కోట్లు ఖర్చుపెట్టి పెద్ద సంస్థ తీయిస్తే కళ, నలుగురు స్నేహితులు అక్క ఇంట్లో తీస్తే కోతిచేష్ట. ఈ కొలబద్ద ఎవరు పెట్టారు?

తెలుగువాళ్లం మనం ఈ కొలబద్దను అసలు ఒప్పుకోకూడదు. పాటను వినడం, చూడడం అనే రెండు పనులను మనం ఏనాడూ విడదీయలేదు. 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లీ కెమెరా కురిపించిన వెన్నెల వల్ల ఘంటసాల, లీల గొంతుల విలువ తగ్గిందని ఏ తెలుగువాడైనా అంటాడా? 'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది పాటగా, కీరవాణికి, చంద్రబోస్‌కు. అయినా కీవ్ రాజభవనం ముందు ప్రేమ్ రక్షిత్ వేయించిన అడుగులు లేకుండా ఆ పాట అంత దూరం వెళ్లేదని ఎవరూ వాదించరు. అడుగులు ఉన్నాయి కాబట్టి బాణీ ఉత్తదేనని తేల్చడం ఎంత అన్యాయమో మనకు బాగా తెలుసు. మన పాటకు కోరే న్యాయాన్ని ఓకే గోకు నిరాకరించడానికి కారణం కనబడదు.

ఇక అన్నిటికంటే బలమైన అభియోగం, డబ్బు గురించినది. గొలుసు యంత్రానికి బీమా సంస్థ స్టేట్ ఫార్మ్ సొమ్ము పెట్టింది. ఎడారి వీడియోలోది షెవర్లే కారు. 2014 నాటి 'ఐ వోంట్ లెట్ యూ డౌన్'లో కూర్చుని తిరిగేది హోండా వాహనాల మీద. బరువులేని విమానం వెనక ఎస్7 ఎయిర్‌లైన్స్ ఉంది. 'అబ్సెషన్'లో 567 ప్రింటర్ల నిండా డబుల్ ఎ కాగితం. అందుకని వీళ్లు పాట పేరుతో ప్రకటనలు అమ్ముతున్నారంటారు. ఈ మాటను తేలిగ్గా తీసేయలేం, జవాబు చెప్పాల్సిందే.

జవాబు 2010లో ఉంది. ట్రెడ్‌మిల్లుల వీడియోను వాళ్లు రికార్డు సంస్థకు చెప్పకుండా తీసి, అనుమతి లేకుండానే యూట్యూబ్‌లో పెట్టారు. అది కోట్లమందికి చేరింది. తర్వాత సంస్థ యజమాని ఈఎమ్ఐ, ఆ వీడియోలను ఇతర వెబ్‌సైట్లలో పెట్టుకునే వీలు తీసేసింది. కులాష్ న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి లెక్క బయటపెట్టాడు. రోజుకు సుమారు 10,000 మంది చూసే వీడియో వెయ్యికి పడిపోయింది. ఆరు నెలలపాటు నెట్‌లో పాటలు విన్నందుకు సంస్థ బ్యాండ్ ఖాతాలో జమచేసిన మొత్తం 27 డాలర్ల 77 సెంట్లు. లోకమంతా చూసిన నలుగురికి అర్ధ సంవత్సరానికి దక్కింది అంతే. అదే ఏడాది మార్చిలో వాళ్లు ఈఎమ్ఐని వదిలేసి పారాకడూటే పేరుతో సొంత సంస్థ పెట్టుకున్నారు.

ఈ నేపథ్యంలో చూస్తే స్పాన్సర్ సొమ్ముకు అర్థం మారుతుంది. రికార్డు సంస్థ పెట్టే వీడియో ఖర్చును సాధారణంగా కళాకారుడి రాయల్టీల్లోంచే మళ్లీ రాబట్టుకుంటారు. పాట మీద హక్కు సంస్థ దగ్గరే ఉండిపోతుంది. అంటే అప్పు కళాకారుడిది, ఆస్తి సంస్థది. స్పాన్సర్ సొమ్ము అలాంటిది కాదు. స్టేట్ ఫార్మ్‌కు దక్కింది మొదట్లో కదిలే బొమ్మలారీ మీద ఒక గుర్తు, చివర్లో ఒక కృతజ్ఞత. పాట బ్యాండ్‌దే, వీడియో ఎలా ఉండాలన్న నిర్ణయమూ బ్యాండ్‌దే. కారు వీడియో కారును కూడా అమ్మిందన్నది నిజమే, దాన్ని కాదనను. కానీ ఆ కారు పాట నోరు నొక్కలేదు, పాటను వాయించింది. అల్లసాని పెద్దన మనుచరిత్రను కృష్ణదేవరాయలకు అంకితమిచ్చాడు, రాయల ఔదార్యం పొందాడు. అంతమాత్రాన ఆ కావ్యాన్ని ఎవరూ ప్రకటన అనలేదు. పోషకుడు ఎవరన్నది అడగాల్సిన ప్రశ్నే. అంతకంటే ముఖ్యం, పోషకుడు రచనలో వేలు పెట్టాడా లేదా అన్నది. ఓకే గో విషయంలో ఆ వేలిముద్ర నాకు కనబడలేదు. రికార్డు సంస్థలు కళాకారుల బతుకుల మీద వేసిన ముద్రే బాగా కనిపిస్తోంది.

డబ్బే పరమార్థమైతే వాళ్లు చేయనక్కర్లేని పనులు కొన్ని చేశారు. 2008లో కులాష్ అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ముందుకు వెళ్లి, ఇంటర్నెట్ అందరికీ సమానంగా ఉండాలని సాక్ష్యం చెప్పాడు. పెద్ద కంపెనీలు దారి మూసేస్తే తమలాంటి బ్యాండ్లు జనానికి చేరలేవన్నది ఆ వాదన సారాంశం. అదే ఏడాది న్యూ ఆర్లీన్స్ బృందం బోనరామాతో కలిసి, కత్రినా తుపానులో ఇళ్లు పోగొట్టుకున్న సంగీతకారుల కోసం పాటలు రికార్డు చేశారు. 2018లో సెయింట్ థామస్ విశ్వవిద్యాలయం పరిశోధకులతో కలిసి 'ఓకే గో శాండ్‌బాక్స్' మొదలుపెట్టారు. ఈ వీడియోల వెనకున్న లెక్కలు, భౌతికశాస్త్రం బడిపిల్లలకు చెప్పడానికి ఉపాధ్యాయులకు పాఠాలు ఉచితంగా ఇస్తున్నారు. బూటకంలోంచి పాఠం పుట్టదు. అందులో సత్తా ఉంది గనకే బడిలోకి వెళ్లగలిగింది.

ప్రతి వీడియోలోనూ పాట, బొమ్మ సమానంగా ఉన్నాయని నేననను. కొన్నిట్లో బొమ్మ ముందుకెళ్లి పాట వెనకబడింది. 'అబ్సెషన్'లో ప్రింటర్ల హోరు తర్వాత బాణీ గుర్తుండడం కష్టమే. కానీ ఏ కళాకారుడి పనినైనా అతని బలహీనమైన ముక్కతో కొలవడం పద్ధతి కాదు. 2025 ఏప్రిల్‌లో వాళ్ల కొత్త ఆల్బమ్ 'అండ్ ది అడ్జసెంట్ పాసిబుల్' వచ్చింది. దానిలోని ఒక పాటకు 64 ఫోన్ల తెరల మీద బొమ్మను కట్టారు. మరో పాటకు పాత రైల్వే స్టేషన్‌లో రోబోల చేతుల్లో అద్దాలు పెట్టి తీశారు. ఒక్క ఎత్తు మీద బతికే బృందం ఇరవై ఏళ్లపాటు ప్రతిసారీ కొత్త కష్టం వెతుక్కుని ముందుకు నడవలేదు. ఒక హిట్‌తో వచ్చి వెళ్లిపోయిన బ్యాండ్లు ఎన్నో ఉన్నాయి, వాళ్ల పేర్లు మనకు గుర్తు లేవు.

ఈ తేలిక తీర్పు వల్ల నష్టం ఓకే గోకు పెద్దగా లేదు, వాళ్లు తమ దారి చూసుకున్నారు. నష్టం కొత్తగా పాట చేసే పిల్లలకు. పెద్ద సంస్థ అండ లేకుండా, సొంత ఇంట్లో సొంత బుర్రతో పాటను కంటికి కట్టాలని చూసే ప్రతివాడినీ ఇదే మాటతో కొట్టేస్తారు. షికాగోలోనే కాదు, హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇదే జరుగుతుంది. అందుకే పాఠకులను ఒకటి అడుగుతాను. ఈసారి 'దిస్ టూ షల్ పాస్' పాటను ముందు కళ్లు మూసుకుని వినండి. తర్వాత కళ్లు తెరిచి చూడండి. ఆ పైన మీ తీర్పు మీరు ఇవ్వండి. ఎవరో ఇచ్చిన తీర్పును మాత్రం మీ నోటితో మళ్లీ అనకండి.